అరువు తెచ్చుకున్న పేర్లు – తీర్చవలసిన ఋణం

మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఈ మధ్య జరిగిన చిన్న సంఘటనతో ప్రారంభిస్తాము. పదకొండేళ్ల పిల్లవాడు సెల్‌ఫోన్‌లో ఆట ఆడుకుంటున్నాడు. పక్కనే మంచం మీద కూర్చుని దాదీమా తస్బీహ్ తిప్పుతున్నారు. వాడు తల ఎత్తకుండానే అడిగాడు: "దాదీమా, ఇఫ్రీత్‌ను చంపాలంటే ఎన్ని దెబ్బలు కొట్టాలి?"

ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఇఫ్రీత్ ఎవరో ఆమెకు తెలుసు. చిన్ననాడు అరబ్బీ మదరసాలో చదువుకున్న సూరా నమ్ల్ ఆమెకు గుర్తుంది. హజ్రత్ సులైమాన్ (అ) కొలువులో, ఆయన కూర్చున్న చోటి నుండి లేచేలోగా సబా రాణి సింహాసనాన్ని తెచ్చి ముందుంచుతానని, అందుకు తగిన బలమూ నమ్మకమూ తనకున్నాయని విన్నవించుకున్న జిన్నే ఇఫ్రీత్. అందుకే ఆమె మనవణ్ణి తిరిగి అడిగారు: "ఇఫ్రీత్ నిన్నేం చేశాడు బేటా, చంపడానికి?"

పిల్లవాడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. వాడెరిగిన ఇఫ్రీత్‌కు కొమ్ములున్నాయి, ఒళ్లంతా మంటలున్నాయి, చంపితే పాయింట్లు వస్తాయి. ఒకే ఇంట్లో, ఒకే మంచం పక్కన, ఒకే పేరుకు రెండు అర్థాలు ఎదురెదురుగా నిలిచాయి. రెంటిలో ఏది ముందుగా పిల్లవాడి మనసులో పాతుకుందో చెప్పనవసరం లేదు.

మతగ్రంథాలలోని ప్రాణుల పేర్లను అద్భుత కల్పనలు రాసేవారు వాడుకోవచ్చునా, లేక ఆ పేర్లు మార్చుకోవాలా అనే చర్చ ప్రపంచంలో చాలాకాలంగా సాగుతున్నది. కల్పనకు హద్దులు గీయరాదని కొందరు, విశ్వాసాన్ని ఆటబొమ్మ చేయరాదని కొందరు వాదిస్తున్నారు. ముస్లిం సమాజంలోనూ ఈ రెండు ధోరణులూ ఉన్నాయి. మేము ఈ రెండింటిలో దేనినీ పూర్తిగా అంగీకరించలేకపోతున్నాము. పేరు మార్చడం కొన్నిచోట్ల కనీస మర్యాద; కొన్నిచోట్ల అనవసరం; మరికొన్నిచోట్ల నష్టం కూడా. ఏది ఎక్కడ అన్నది తేల్చుకోవడానికే ఈ వ్యాసం.

విశ్వాసమేది, జానపదమేది?

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. జిన్నులు మనకు పుక్కిటి కథ కాదు. దివ్య ఖుర్ఆన్‌లో 72వ సూరా పేరే 'అల్ జిన్న్'. ఖుర్ఆన్ పారాయణాన్ని విని విశ్వసించిన జిన్నుల ప్రస్తావన అందులో ఉన్నది. వారిలో సజ్జనులూ ఉన్నారని, కానివారూ ఉన్నారని అక్కడే తెలుస్తుంది. పొగలేని అగ్నిజ్వాల నుండి వారిని సృష్టించినట్లు సూరా రహ్మాన్, మానవుల వలెనే వారినీ తన ఆరాధనకే అల్లాహ్ సృష్టించినట్లు సూరా జారియాత్ తెలుపుతున్నాయి. అంటే జిన్ను ఒక రాక్షసుడు కాదు. మంచిచెడులు ఎంచుకునే బాధ్యత గల ఒక సృష్టి. దీనిని 'మిథ్య' అనే సంచిలో వేసి మూతికట్టేవారు, కోట్లాది మంది సజీవ విశ్వాసం గురించి మాట్లాడుతున్నామన్న స్పృహ కోల్పోతున్నారు.

ఇది మన ఒక్కరి ఫిర్యాదు కాదు. 2016లో హ్యారీ పోటర్ రచయిత్రి జె. కె. రౌలింగ్, ఉత్తర అమెరికా మాంత్రికుల చరిత్ర అంటూ రాసిన రచనలలో నవాహో ప్రజల నమ్మకాలను వాడుకున్నప్పుడు, చెరోకీ జాతికి చెందిన పండితురాలు ఏడ్రియెన్ కీన్ ఇదే అభ్యంతరం లేవనెత్తారు. అవి మీకు కల్పనలు కావచ్చు, మా వారికి బతికి ఉన్న సంప్రదాయాలు అన్నది ఆమె వాదన సారాంశం.

అయితే మనవైపు కూడా ఒక తేడాను గుర్తించాలి. అరబ్బీ పేరున్న ప్రతి వింతప్రాణీ ఇస్లాం సొత్తు కాదు. ఎడారిలో బాటసారులను దారి తప్పించి తినేస్తుందని పూర్వపు అరబ్బులు నమ్మిన 'గూల్'ను తీసుకోండి. అటువంటిది లేదని సహీహ్ ముస్లింలోని హదీసు తోసిపుచ్చుతున్నది. ఆ గూలే 1786లో ఇంగ్లీషులో అచ్చయిన బెక్‌ఫర్డ్ నవల 'వాథెక్' ద్వారా ఇంగ్లీషు సాహిత్యంలోకి చేరి శవాలను తినే పిశాచంగా స్థిరపడింది. 'పరీ' పారశీక జానపదానిది. దీపం రుద్దితే ప్రత్యక్షమయ్యే జిన్ను కథకుల సృష్టి. వీటిపై మనం హక్కు చాటుకోవడానికి పూనుకుంటే, మన దీన్ దేనిని కాదన్నదో దానికే కాపలా కాసినవారమవుతాము.

పేరు మారినప్పుడు ఏమయింది?

దీపంలోని జిన్ను కథ చూస్తే, పేర్లు మారడం కొత్త కాదని తెలుస్తుంది. ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ గాలాన్ 'వెయ్యిన్నొక్క రాత్రులు' సంపుటాలను 1704 నుండి 1717 వరకు వెలువరించారు. అల్లావుద్దీన్ కథ ఆయనకు అరబ్బీ రాతప్రతిలో దొరికినది కాదు. అలెప్పో నుండి పారిస్ వచ్చిన హన్నా దియాబ్ అనే సిరియా క్రైస్తవ యువకుడు 1709లో ఆయనకు నోటితో చెప్పినది. అరబ్బీ 'జిన్నీ'కి గాలాన్ తన భాషలో వినడానికి దగ్గరగా ఉన్న 'జెనీ' అనే మాటను వాడారు. అది లాటిన్ మూలం గల వేరే మాట, రక్షకదేవత వంటి అర్థం గలది. అలా ఒక కొత్త ప్రాణి పుట్టి, దీపంలోనే కాపురం పెట్టి, మూడు కోరికలు తీర్చే సేవకుడిగా లోకమంతా తిరిగింది.

తెలుగులోనూ మారింది. 1957లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన 'అల్లావుద్దీన్ అద్భుతదీపం' చూసిన తరానికీ, పిల్లల పత్రికలలో ఆ కథ చదివిన తరాలకూ దీపంలో ఉన్నది 'భూతం'. దీనివల్ల ఒక మేలు జరిగింది. మన పెద్దలు సినిమాహాలులో భూతాన్ని చూసి నవ్వుకుని, ఇంటికి వచ్చి సూరా జిన్న్ పఠించినప్పుడు ఈ రెండూ ఒకటేనని ఎన్నడూ అనుకోలేదు. పేరు వేరు కావడమే రెండింటి మధ్య గోడ అయింది.

కానీ కీడు కూడా జరిగింది. తెలుగులో భూతమంటే దయ్యం, దయ్యమంటే చచ్చిపోయినవారి ఆత్మ. జిన్ను చచ్చిన మనిషి ఆత్మ కాదు. ఈ మాటల కలగాపులగంలో ఆ తేడా చెరిగిపోయింది. ఈనాడు మన ఇరుగుపొరుగు హిందూ సోదరులకే కాదు, మన ఇళ్లలో చాలామందికి కూడా జిన్నంటే 'సాయబుల దయ్యం'. అందుకే, పేరు మార్చితే చాలు, చిక్కు తీరుతుందనే వాదాన్ని మేము ఒప్పుకోలేము. పేరు మార్చడం కొన్నిసార్లు గోడ కడుతుంది. కొన్నిసార్లు అసలు మనిషినే గోడ వెనుక పాతిపెడుతుంది.

ఎవరి మాటకు విలువ?

పేర్లు మార్చితే సాహిత్యం ఊపిరాడక చచ్చిపోతుందని చెప్పేవారికి ఒక చరిత్రను గుర్తుచేయాలి. ఊహాలోకపు ఆటలన్నింటికీ పెద్దన్న వంటి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అమెరికాలో వెలువడింది. అందులో టోల్కీన్ నవలలలోని హాబిట్లు, ఎంట్లు, బాల్రోగ్‌లు ఉండేవి. ఆ నవలల వాణిజ్య హక్కులు గలవారు చట్టపరంగా అడ్డుచెప్పగానే హాబిట్ 'హాఫ్లింగ్' అయింది, ఎంట్ 'ట్రెంట్' అయింది, బాల్రోగ్ 'బేలర్' అయింది. ఆట ఆగలేదు. ఆ తరువాత, ఆ ఆటలోని సైతానుల పేర్లపై అమెరికాలోని క్రైస్తవ తల్లిదండ్రులు ఆగ్రహించారు. 1989లో వచ్చిన రెండవ కూర్పులో 'డెమన్', 'డెవిల్' అనే మాటలను తొలగించి, వాటి స్థానంలో ఎవరూ వినని కొత్త పేర్లు కల్పించారు. అప్పుడూ ఆట ఆగలేదు.

మొదటినుండీ అదే ఆటలో జిన్నులు ఉన్నారు, ఇఫ్రీత్‌లు ఉన్నారు. వారి పేర్లు ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకని? నవలకు హక్కుదారు ఉన్నాడు, లాయరు ఉన్నాడు. క్రైస్తవ తల్లి ఆ సరుకు కొనే ఖాతాదారు. ఎక్కడో ఉన్న ముస్లిం దాదీమాకు లాయరూ లేడు, ఆమె ఆ సరుకు కొనేదీ లేదు. పేరు మార్చడం వీలు కాదన్నది అబద్ధం. ఎవరు అడిగితే మార్చుతారన్నదే అసలు ప్రశ్న. ఇది సాహిత్య ప్రశ్న కన్నా ముందు సమానత్వ ప్రశ్న.

ఈ చరిత్రలోనే మరో పాఠం కూడా ఉన్నది. 2000లో మూడవ కూర్పు వచ్చేనాటికి ఆ సైతానుల పాత పేర్లు తిరిగి వచ్చాయి. అమ్మకాలకు భయపడి చేసిన మార్పు ఆ భయం పోగానే పోయింది. భయం వల్ల పుట్టిన మర్యాద ఆపాటిదే.

పేరు లేకపోయినా తగిలే గాయం

మన దేశంలో మనకు తగులుతున్న గాయం ఆటల కన్నా భయానక చిత్రాలలో ఎక్కువ. 2018లో వచ్చిన హిందీ చిత్రం 'పరీ' ఇఫ్రీత్ పేరును తీసుకుని ఒక దుష్టశక్తి వంశానికి అంటగట్టింది. పేరు మార్చుకుని ఉంటే ఆ కథకు వచ్చే లోటేమీ లేదు. కానీ 2022లో వచ్చిన మన తెలుగు చిత్రం 'మసూద'ను చూడండి. అందులో ఇఫ్రీత్ లేదు, బురాఖ్ లేదు, మన గ్రంథాలలోని ఏ ప్రాణి పేరునూ అరువు తెచ్చుకోలేదు. ఉన్నదల్లా ఒక ముస్లిం స్త్రీ ఆత్మ, ఆమె బుర్ఖా. ఆ ఆత్మ నుండి విడిపించడానికి తోడ్పడేవారిలో కూడా ముస్లింలు ఉన్నారన్న మాట నిజమే. ఆ మేరకు ఆ చిత్రం ఏకపక్షం కాదు. అయినా హాలు నుండి బయటికి వచ్చిన ప్రేక్షకుడి కంటిలో మిగిలేది చీకటిలో నిలుచున్న నల్లని బుర్ఖా. మరునాడు ఉదయం కళాశాలకు బుర్ఖా వేసుకుని వెళ్లే మన ఆడపిల్ల బస్సులో అతని పక్క సీటులో కూర్చుంటుంది.

ఇక్కడ ఏ పేరును మార్చమని అడగగలం? అజాను వినిపిస్తే ఏదో కీడు జరగబోతున్నదని, సాంబ్రాణి పొగ, ఆకుపచ్చ చాదరు, అరబ్బీ అక్షరాలు కనిపిస్తే గుండె దడదడలాడాలని ప్రేక్షకుడికి నేర్పే అలవాటు ఏ ఒక్క పేరులోనూ లేదు. అది వేషంలో ఉన్నది. జిన్నుకు మరో పేరు పెట్టి, అదే వేషం తొడిగితే మనకు ఒరిగేదేమీ లేదు.

మేము ప్రతిపాదించే కొలమానం

కాబట్టి రచయితలకు మేము చెప్పదలచినది సూటిగా ఇది. మీ కథలోని ప్రాణి నుండి ఆ పేరు తీసివేయండి. కథ చెక్కుచెదరకుండా నిలిచిందా? అయితే మీరు ఆ పేరును రుచి కోసం చల్లుకున్నారన్నమాట. మార్చండి. మంటల రాక్షసుడికి ఇఫ్రీత్ అనే పేరే కావలసిన పని లేదు; మీ ఊహకు నామకరణం చేయలేని దారిద్ర్యం లేదు. పేరు తీసివేయగానే కథ కూలిపోయిందా? అయితే ఆ కథ ఆ పేరుకు ఋణపడి ఉన్నది. అప్పుడు పేరు ఉంచండి, కానీ ఋణం తీర్చండి. ఆ పేరు వెనుక ఉన్నవారి విశ్వాసం ఏమిటో తెలుసుకుని రాయండి.

ఇలా ఋణం తీర్చినవారు ఉన్నారు. యూదు కుటుంబం నుండి వచ్చిన హెలెన్ వెకర్ 2013 నాటి తన నవలలో యూదుల గోలెమ్‌నూ అరబ్బుల జిన్నీనీ న్యూయార్కు వలసవాడలలో ఇరుగుపొరుగు బాటసారులుగా కలిపారు. ఇస్లాం స్వీకరించిన జి. విల్లో విల్సన్ రాసిన 'అలిఫ్ ది అన్‌సీన్' 2013లో వరల్డ్ ఫాంటసీ పురస్కారం పొందింది. ఎస్. ఏ. చక్రబర్తి 2017లో తెచ్చిన 'ది సిటీ ఆఫ్ బ్రాస్'లో జిన్నులకు తెగలున్నాయి, రాజకీయాలున్నాయి, నమాజు ఉన్నది. మన దేశానికే చెందిన దీప ఆనప్పర 2020 నాటి నవల 'జిన్ పెట్రోల్ ఆన్ ది పర్పుల్ లైన్'లో, బస్తీలో పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతుంటే అది జిన్నుల పని అని పసివారు అనుకుంటారు. అసలు భయం జిన్నులది కాదని, అనుమానం ముందుగా ఎవరి గుమ్మం తడుతుందో మనకు తెలిసినదేనని ఆ కథ చూపుతుంది. ఈ పుస్తకాలలో జిన్ను అనే మాట తీసివేస్తే పుస్తకమే మిగలదు. ఇటువంటి రచయితలను పేరు మార్చుకోమనడం అన్యాయం.

ఈ కొలమానానికి ఒకే ఒక్క మినహాయింపు కోరుతున్నాము. దైవదూతలు, మేరాజ్ రాత్రి దైవప్రవక్త (స) అధిరోహించిన బురాఖ్ వంటివి ప్రవక్తల జీవితాలతో ముడిపడినవి. వీటిని కత్తికో, బేరానికో పెట్టే కథలలో పేరు మార్చుకోవడమే సంస్కారం. ఇది ఆజ్ఞ కాదు, పొరుగువారి వినతి.

చట్టం చేతికి ఇవ్వవద్దు

వినతి అనే మాటను కావాలనే వాడాము. ఇటువంటి ప్రతి సందర్భంలోనూ 'కేసు పెట్టాలి, నిషేధించాలి' అనే గొంతులు మనలో వినిపిస్తాయి. ఆ దారి మనకు మేలు చేయదు. మతభావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరచడాన్ని శిక్షించే 295ఎ సెక్షన్ 1927లో వచ్చింది. నేడది భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్. ఆ అస్త్రం ఎవరిపై పడుతున్నదో గమనించండి. హాస్య కళాకారుడు మునవ్వర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇందోర్‌లో ఆ సెక్షన్ కిందనే అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు ఫిబ్రవరి 5న మధ్యంతర బెయిలు ఇచ్చేవరకు ఆయన జైలులోనే ఉన్నారు. ఊహాజనితమైన ఒక ప్రాణి పేరు కోసం మనం పదును పెట్టి ఇచ్చే కత్తి, రేపు మన కవి మెడ మీదికే వస్తుంది.

మాటతో మార్పు రాదా? వస్తుంది, మెల్లగా వస్తుంది. డిస్నీ 'అల్లాదీన్' కార్టూన్ చిత్రం 1992లో వచ్చినప్పుడు, అరబ్బులు చెవులు కోసేవారన్నట్లు చెప్పే పాట పాదంపై అరబ్-అమెరికన్ల సంస్థ నిరసన తెలిపింది. 1993లో వీడియో విడుదలయ్యేనాటికి ఆ పాదం మారింది. అదే పాటలో ఆ దేశాన్ని అనాగరికమన్న మాట మాత్రం ఉండిపోయింది. 2019లో కొత్త చిత్రం తీసినప్పుడు గానీ అది పోలేదు. నిషేధం లేకుండా, ఒక్కరూ జైలుకు పోకుండా జరిగిన మార్పు ఇది. ఓపిక ఖరీదైనదే, కానీ అది మన పిల్లల మీద కేసుగా తిరిగి రాదు.

మన ఇంటి లెక్క

ఇతరులను నిలదీసే ముందు మన ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. బురాఖ్ పేరును లిబియా ఒక విమానసంస్థకు పెట్టుకున్నది. పాకిస్తాన్ సాయుధ డ్రోన్‌కు పెట్టుకుని, 2015లో దానితో దాడి కూడా చేసింది. మనిషి ప్రాణం తీసే యంత్రానికి ఆ పేరు పెట్టినప్పుడు మన సమాజం నుండి ఎంత నిరసన వచ్చింది? అయినవాడు చేస్తే గౌరవం, కానివాడు చేస్తే అవమానం అనే తూకం న్యాయమైన తూకం కాదు.

అంతకన్నా దగ్గరి విషయం మరొకటి ఉన్నది. కోడలికి మాటిమాటికీ మూర్ఛ వస్తే, కాన్పు తరువాత బాలింత ఎవరితోనూ మాట్లాడక గోడవైపు తిరిగి పడుకుంటే, 'జిన్ను పట్టింది' అని తాయెత్తులు కట్టించి, డబ్బు గుంజి, కొన్నిచోట్ల కొట్టించే దురాచారం మన మొహల్లాలలో ఇంకా పోలేదు. ఆ ఆడపిల్లకు కావలసినది వైద్యుడు. జిన్నులకు గైబ్ తెలియదని ఖుర్ఆన్ చెబుతున్నది. హజ్రత్ సులైమాన్ (అ) చేతికర్రను పురుగు తొలిచి ఆయన దేహం ఒరిగేవరకు, ఆయన మరణించారన్న సంగతే వారికి తెలియలేదని సూరా సబా వివరిస్తున్నది. ఆ జిన్నుల పేరుతో భవిష్యత్తు చెప్పి సొమ్ము చేసుకునేవారు ఏ నవలాకారుడికన్నా, ఏ ఆటల సంస్థకన్నా ఎక్కువగా ఆ పేరును అపవిత్రం చేస్తున్నారు. సినిమావాడు ఆ వేషాన్ని ఎక్కడినుండి తెచ్చుకున్నాడని అడిగితే, అతడు మన వీధినే చూపగలడు.

ఇక మన రచయితలకు ఒక మాట. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, తరువాత 'వతన్' కథా సంకలనం తెలుగు ముస్లిం గొంతును తెలుగు సాహిత్యంలో నిలబెట్టాయి. పేదరికం, అవమానం, అల్లర్లు, తలాక్, ఉనికి అన్నీ మన కథల్లోకి వచ్చాయి. రావలసినవే. కానీ మన పిల్లలకు కూడా అద్భుతం కావాలి. ఆ అద్భుతాన్ని తెలుగులో మనం రాసి ఇవ్వకపోతే, వారు దానిని ఎక్కడో తయారైన ఆటలో వెదుక్కుంటారు. ఖుర్ఆన్ విని మనసు కరిగిన జిన్నుల గుంపు కన్నా గొప్ప కథావస్తువు ఏ ఊహాలోకంలో ఉన్నది? దానిని ఆధారం చేసుకుని, ధర్మ మర్యాద తప్పకుండా, తెలుగు పిల్లవాడు నోరు తెరుచుకుని వినే కథను రాసే కలం కోసం ఎదురుచూస్తున్నాము.

ఆ ఇంటి సంగతి ముగించాలి. దాదీమా ఫోను లాక్కోలేదు, ఆట మాన్పించలేదు. ఆ రాత్రి మనవణ్ణి పక్కన పడుకోబెట్టుకుని సబా రాణి సింహాసనం కథ చెప్పారు. వాడు చివరిదాకా విని, "అయితే సింహాసనం తెచ్చింది ఇఫ్రీతేనా?" అని అడిగాడు. కాదని, గ్రంథజ్ఞానం ఉన్న మరొకరు రెప్పపాటులో తెచ్చారని ఆమె చెప్పారు. వాడు కాసేపు ఆలోచించి, "పాపం, ఇఫ్రీత్" అన్నాడట.

ఆటలో ఆ పేరు ఇంకా మారలేదు. పిల్లవాడికి మాత్రం దాని అర్థం మారింది. రచయితలను అడగవలసినది అడుగుతూనే ఉందాం. ఇంట్లో చెప్పవలసిన కథను మాత్రం ఎవరి జవాబు కోసమూ ఆపవద్దు.